పొట్టి ఆజ్ఞ వెనుక కథ

మన వసతి గృహం నుండి కంప్యూటర్ కోర్సుల్లో చేరిన తమ్ముళ్ళు కొందరు ల్యాబ్‌లో నల్లటి తెర చూడగానే వెనకడుగు వేస్తారు. అక్కడ ఒక మాటను మరో మాటగా దిద్దాలంటే ఇలా కొట్టాలి:

ఎస్/చార్మనార్/చార్మినార్/

ఇదేదో మనకు అందని రహస్య భాష అనిపిస్తుంది. కాని దీని వెనుక ఉన్నది రహస్యం కాదు, ఒక ఇబ్బంది.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ కోసం 'ఈడీ' అనే ఎడిటర్ రాశారు. అంతకుముందు బర్కిలీలో తయారైన 'క్యూఈడీ' దానికి మూలం. అప్పట్లో వాళ్ళ ముందు తెర లేదు. టెలిటైప్ అనే టైపు మిషను ఉండేది. అందులో మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలే కాగితం మీద కొట్టేది. ఒక్క తప్పు కోసం వాక్యమంతా మళ్ళీ కొట్టడం ఎంత శ్రమ! అందుకే ఆజ్ఞలను ఒక్కో అక్షరానికి కుదించారు. పొరపాటు జరిగితే ఈడీ ఇచ్చే జవాబు కూడా ఒక్క ప్రశ్నార్థకమే.

'ఎస్' అంటే సబ్‌స్టిట్యూట్, ఒకదాని బదులు మరొకటి పెట్టడం. మనం 'బై' అని చదివే ఏటవాలు గీత కంచె వంటిది. మొదటి రెండు గీతల నడుమ పాత మాట, తరువాతి రెండింటి నడుమ కొత్త మాట. చివర 'జీ' చేరిస్తే ఆ వరుసలో ఆ మాట ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ మారుతుంది. లేకుంటే మొదటిదే మారుతుంది. మరి పాతబస్తీ ఇంటి నంబర్లలో 'బై' ముందే ఉంటుంది కదా? అప్పుడు కామా వంటి మరో గుర్తును కంచెగా పెట్టుకోవచ్చు.

1970ల తొలి సగంలో లీ మెక్‌మహన్ రాసిన 'సెడ్', మనిషి ఎదురుగా కూర్చోకుండానే ఇదే ఆజ్ఞతో ఫైలంతా దిద్దింది. ఆ దశాబ్దం చివర బిల్ జాయ్ 'సీ షెల్'లో ఇంకా కుదించారు. ముందు కొట్టిన ఆజ్ఞలో తప్పుంటే టోపీ గుర్తు, పాత మాట, మళ్ళీ టోపీ గుర్తు, కొత్త మాట. అంతే.

ఇబ్బందిలోంచి ఉపాయం తీయడం మనవాళ్ళకూ తెలుసు. కంప్యూటర్‌లో తెలుగు కొట్టడం కష్టమైన 1990లలో, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు 'ఆర్‌టీఎస్' పద్ధతి రూపొందించారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే ప్రోగ్రాము వాటి బదులు తెలుగు అక్షరాలు పెట్టేది. 2006లో వచ్చిన 'లేఖిని' కూడా అదే బాటలో నడిచింది.

తమ్ముళ్ళారా! మనలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం. సందేహం అడగడానికి ఇంట్లో చదువుకున్న అన్నయ్య ఉండడు. హాస్టల్‌లో మేమున్నాం. అర్థంకాని గుర్తు కనిపిస్తే, కోర్సు వదిలేసే ముందు 'ఇది ఎందుకిలా పెట్టారు?' అని అడగండి. ప్రతి గుర్తుకూ ఒక కారణం ఉంటుంది.