పనుల జాబితా మన ఫోల్డర్‌లోనే ఉంటే?

సెమిస్టర్ సగానికి వచ్చేసరికి మన పనులు నాలుగు చోట్ల చెల్లాచెదురుగా ఉంటాయి. అసైన్‌మెంట్ సంగతి వాట్సాప్ గ్రూపులో, రికార్డు సబ్మిషన్ తేదీ నోట్‌బుక్ చివరి పేజీలో, ఇంటర్న్‌షిప్ లింకు బ్రౌజర్ ట్యాబ్‌లో, మిగతావన్నీ బుర్రలో. వీటిని ఒకచోటికి తేవడానికి గూగుల్ టాస్క్స్ లాంటి యాప్ వాడొచ్చు. లేదా నోట్స్ రాసుకునే యాప్‌లోనే పనులు కూడా రాసుకోవచ్చు. నేను రెండు సెమిస్టర్లుగా అబ్సిడియన్‌లో రెండోది చేస్తున్నాను. అందులో ఏది బాగుందో, ఏది ఇబ్బందో చెప్తాను.

లోకల్ అంటే ఏంటి?

2020లో వచ్చిన అబ్సిడియన్‌లో మన నోట్స్ కంపెనీ సర్వర్‌లో కాకుండా మన ల్యాప్‌టాప్‌లోని ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. ప్రతి నోటూ మార్క్‌డౌన్ పద్ధతిలో రాసిన మామూలు టెక్స్ట్ ఫైలే. అందులో పని ఇలా ఉంటుంది:

- [ ] డీబీఎంఎస్ రికార్డు పూర్తి చేయాలి

పని అయిపోయి టిక్ కొడితే బ్రాకెట్ల మధ్య ఎక్స్ అక్షరం పడుతుంది, అంతే. లాగిన్ కూడా అక్కర్లేదు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కార్‌స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త నోట్సూ పనులూ ఒకే టెక్స్ట్ ఫైలులో ఉండేలా ఈమాక్స్ ఎడిటర్ కోసం ఆర్గ్ మోడ్‌ను 2003లోనే మొదలుపెట్టారు.

లాభాలు

అన్నిటికన్నా పెద్ద లాభం, పని దాని సందర్భం పక్కనే ఉండటం. "నార్మలైజేషన్ మళ్ళీ చదవాలి" అని వేరే యాప్‌లో రాస్తే, నెల తర్వాత అందులో ఏ ముక్క అర్థం కాలేదో గుర్తుండదు. అదే నోట్స్‌లో థర్డ్ నార్మల్ ఫామ్ ఉదాహరణ కిందే రాస్తే, మిడ్ ముందు రోజు నేరుగా అక్కడికే వెళ్తాం. ఇలా అన్ని నోట్స్‌లో ఉన్న పనుల్ని ఏరి ఒకే పేజీలో చూపించడానికి టాస్క్స్ అనే ప్లగిన్ ఉంది.

రెండోది, హాస్టల్ వైఫై పడుకున్నా మన జాబితా తెరుచుకుంటుంది.

మూడోది, ఫైలు మనది. అబ్సిడియన్ ఓపెన్ సోర్స్ కాదు. అయినా రేపు ఆ యాప్ లేకపోతే నోట్‌ప్యాడ్‌లో తెరవొచ్చు, గ్రెప్‌తో వెతకొచ్చు. తెలుగులో రాసినా ఇబ్బంది లేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. "రికార్డు" అనే మాటలో గుణింతాలు, పొల్లుతో కలిపి 8 సంకేతాలు, అంటే 24 బైట్లు. నాలుగేళ్ల పనులన్నీ కలిపినా ఒక ఫోటో అంత జాగా పట్టకపోవచ్చు.

నష్టాలు

టెక్స్ట్ ఫైలు మనల్ని పిలవదు. ఇదే అసలు సమస్య. "సప్లీ ఫీజు, ఆఖరి తేదీ" అని ఎంత నీట్‌గా రాసుకున్నా, ఆ రోజు మనం ఆ పేజీ తెరవకపోతే ఫైన్ కట్టాల్సిందే. రిమైండర్ ప్లగిన్లు ఉన్నాయి కానీ, యాప్ తెరిచి ఉంటేనే అవి గుర్తుచేస్తాయి.

తర్వాత సింక్. ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ కలపాలంటే డబ్బు కట్టి వాళ్ల సర్వీసు తీసుకోవాలి, లేదా గిట్, సింక్‌థింగ్ లాంటివి మనమే సెట్ చేసుకోవాలి. ఒకే ఫైలుని రెండు చోట్లా మార్చేస్తే కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. ఏ వెర్షన్ ఉంచాలో మనమే తేల్చుకోవాలి.

బ్యాకప్ బాధ్యత కూడా మనదే. ల్యాప్‌టాప్ పోతే పనులూ పోతాయి. ఆండ్రాయిడ్‌లో ఫైళ్లు యాప్ సొంత స్టోరేజీలో ఉంటే, యాప్ తీసేసినప్పుడు వాటితోపాటే పోతాయి.

ఇక ప్లగిన్లు, థీములు. చదవాల్సిన గంట వాటిని సర్దడానికే సరిపోతుంది. పైగా ప్లగిన్ కోసం రాసిన క్వెరీలు ఆ ప్లగిన్ తీసేస్తే పనిచేయవు, రాసుకున్న పనులు మాత్రం మిగులుతాయి.

మరి ఎలా వాడాలి?

నాకు కుదిరిన పద్ధతి ఇది. ఏం చేయాలి, ఎందుకు చేయాలి అన్నవి నోట్స్‌లో. టైమ్ దాటితే నష్టం వచ్చేవి, అంటే ఫీజులు, ఎగ్జామ్ రిజిస్ట్రేషన్, ఇంటర్వ్యూ స్లాట్లు, ఫోన్ క్యాలెండర్‌లో అలారంతో. మినీ ప్రాజెక్టులో నలుగురు పంచుకున్న పనులు షేర్డ్ షీట్‌లో. ఎందుకంటే నా ల్యాప్‌టాప్‌లోని ఫైలు మిగతా ముగ్గురికీ కనిపించదు.

నోట్స్ రాసే అలవాటే లేనివాళ్లకి ఈ దారి పనికిరాదు, మామూలు టాస్క్ యాప్ చాలు. రోజూ నోట్స్ తెరిచేవాళ్లు మాత్రం ఒక సబ్జెక్టుతో, ప్లగిన్లేవీ లేకుండా, ఒక వారం ప్రయత్నించి చూడండి. బ్యాకప్ మాత్రం మొదటి రోజే పెట్టుకోండి.