మందు రాయరు కదా.. ఫీజెందుకు?

సూర్యాపేట ఆస్పత్రుల దగ్గర ఒక రకం పోస్టర్లు ఎప్పుడూ కనిపిస్తాయి. ఫలానా నరాల డాక్టరు ప్రతి రెండో ఆదివారం, ఫలానా గుండె డాక్టరు నెలకోసారి హైదరాబాద్ నుంచి వస్తారని. కోదాడలో వాటికి విజయవాడ పేర్లు తోడవుతాయి. పెద్ద వైద్యం ఈ ఊళ్లకు చాలావరకు ఈ ‘విజిటింగ్’ మీదే చేరింది. ఉద్యోగం చూసుకోకుండా సొంతంగా నిలబడాలనుకునే సైకాలజిస్టుకూ ఇదే దారి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఏ ఒక్క ఊరూ ఒక మనిషికి వారమంతా పని ఇవ్వదు. మూడూ కలిస్తే ఇస్తాయి.

దీనికింకో లాభముంది. కోదాడ మనిషి కోదాడలో కౌన్సెలింగ్ మెట్లెక్కడు, తెలిసినవాళ్లెవరో చూస్తారు. పెళ్లి బట్టల వంకతో సూర్యాపేట వచ్చి చూపించుకుపోతాడు. గది కూడా పళ్ల డాక్టరు, పిల్లల డాక్టరు ఉన్న కాంప్లెక్సులో ఉంటే, ఎవరు ఎవరి కోసం వచ్చారో ఎవరికీ తెలియదు.

వచ్చాక మొదటి పేచీ ఫీజు దగ్గర. మన దగ్గర ఓపీ చీటీకి ఒక లెక్కుంది. ఒకసారి కడితే పది పదిహేను రోజుల్లోపు మళ్లీ చూపించుకోవడానికి పైసా అక్కర్లేదు. కౌన్సెలింగ్‌కు వారం వారం రావాలి, వచ్చినప్పుడల్లా కట్టాలి. ‘గంటసేపు మాట్లాడిన్రు, ఒక్క గోలీ రాయలే. ఇగ పైసలెందుకు మేడం?’ అని అడిగే తల్లిని తప్పుపట్టలేం. ఇన్నాళ్లూ ఆమె డబ్బిచ్చింది గోలీలకూ సూదులకూ స్కానింగులకే. ఎన్ని సిట్టింగులు పడతాయో, మొత్తం ఎంతవుతుందో మొదటిరోజే తెలుగులో కాగితం మీద రాసిస్తే సగం తగవు తీరుతుంది.

మిగతా సగం సైకాలజిస్టు జేబులో ఉంది. జనరల్ డాక్టరు ఒక పూటలో యాభై మందిని చూస్తాడు. మనిషికి యాభై నిమిషాలిచ్చి, నోట్సు రాసుకునేవాళ్లు రోజుకు అయిదారుగురిని చూస్తే గొప్ప. మూడూళ్ల అద్దెలు, బస్సు చార్జీలు పోగా మిగిలేదానితో ఇల్లు గడవదు. అందుకే పక్కన కోచింగ్ కావాలి. ఎప్‌సెట్ కోచింగ్ కాదు. జబ్బేమీ లేని మనిషి ఏదో ఒక నిర్ణయం దగ్గర ఆగిపోతే, ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగి కదిలించే పని.

సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పెరిగిన మిర్యాలగూడలో రైస్‌మిల్లుల రెండో తరాన్ని చూడండి. తండ్రి వడ్లగింజ పంటితో కొరికి తేమ ఎంతో చెప్తాడు. ఎంబీఏ చేసొచ్చిన కొడుకు మీటరు తెచ్చి 17 శాతం దాటిందంటాడు. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉండగానే గుమస్తా ముందు ఇద్దరూ మాటామాటా అనుకుంటారు. ఇది జబ్బు కాదు. కోచ్ కూర్చోబెట్టి మాట్లాడించగలిగిన సంగతే. అదే కొడుకు మూడు నెలలుగా నిద్రపోవడం లేదంటే, పొద్దున్నే తాగుడు మొదలైందంటే, ఇక అది కోచింగ్‌తో తేలదు. ఆ తేడా పట్టడానికే సైకాలజీ చదువు పనికొస్తుంది. సిడ్నీ విశ్వవిద్యాలయం 2000లో ఆంథొనీ గ్రాంట్ ఆధ్వర్యంలో కోచింగ్ సైకాలజీ విభాగం తెరిచిందంటే, వట్టి ఉత్సాహపు మాటలకు చదువు తోడు కావాలనే.

తెలుగువాళ్లలో ఈ రెండు పనులనూ కలిపి బతుకుదారి చేసుకున్నవారిలో ముందు గుర్తొచ్చేది బి.వి.పట్టాభిరామ్. ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం, ఇంద్రజాలం, హిప్నాటిజం, ఆ తర్వాత కౌన్సెలింగ్, వ్యక్తిత్వ వికాస పుస్తకాలు. 2025 జూన్ 30న, 75వ ఏట కన్నుమూశారు. వేదిక మీద చూసి నమ్మిన జనమే ఆయన్ను వెతుక్కుంటూ గదిలోకి వచ్చారు. ఇప్పుడు మైకు చాలామంది పట్టుకుంటున్నారు. రెండు రోజుల హిప్నాటిజం క్లాసు సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి డిప్రెషన్ నయం చేస్తామనేవాళ్లూ ఉన్నారు.

చట్టం రెండు పనులనూ ఒకేలా చూడదు. క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేయాలంటే 1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరుండాలి. లేకుండా చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. (ఆ వెయ్యికి ఎవరు భయపడతారన్నది వేరే సంగతి.) కోచ్‌కు అలాంటి రిజిస్టరే లేదు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ తొలి మెట్టు గుర్తింపుకు 60 గంటల శిక్షణ, 100 గంటల అనుభవం అడుగుతుంది కానీ, అది ఇష్టమున్నవాళ్లకే. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో సైకాలజీ చదివే దారినీ యూజీసీ 2025లో మూసేసింది. కొత్తగా చేరేవాళ్లు కాలేజీకి వెళ్లి చదవాల్సిందే.

అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఇంకో తలుపు తెరిచింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణంపై తీర్పిస్తూ, 100 మందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలంది. అంతకు తక్కువున్నవాళ్లు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. కోదాడ, సూర్యాపేటల జూనియర్ కాలేజీలకు ఫుల్‌టైమ్ జీతం బరువే. వారానికి ఒకరోజు వచ్చేవాళ్లయితే రెండు వైపులా కుదురుతుంది.

కుదిరాక కరస్పాండెంట్ సారు అడిగేది వేరు. పరీక్షల ముందు ఒక మోటివేషన్ క్లాసు, ఫ్లెక్సీకి ఒక ఫొటో, ఆపైన ‘ఎవరెవరు వీక్‌గా ఉన్నారో లిస్టివ్వండి మేడం’. క్లాసు చెప్పొచ్చు. లిస్టు ఇచ్చిన మర్నాటి నుంచి ఏ పిల్లా నోరు విప్పదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఆ సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పాలి, సైకియాట్రిస్టు దగ్గరకు పంపాలి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అర్ధరాత్రయితే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది.

అసలు కష్టం మిర్యాలగూడ లాంటి ఊళ్లో, అందరూ అందరికీ చుట్టాలైనచోట వస్తుంది. సైకాలజిస్టుతో మిల్లు సూపర్‌వైజర్లకు ట్రైనింగ్ పెట్టించింది మిల్లు పెద్దాయన. నచ్చి, ఇరవై నాలుగేళ్ల కొడుకునూ పంపాడు, ఫీజూ తనే కట్టాడు. నెల తిరక్కుండా ఫోన్: ‘మావాడు ఏం చెప్పిండమ్మా? ఆ పిల్ల సంగతేనా?’ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆ గోప్యత కొడుకు హక్కు. ఫీజు ఎవరు కట్టారన్నది దానికి అడ్డం రాదు. ‘మీ అబ్బాయినే అడగండి సార్’ అంటే వచ్చే సీజన్ ట్రైనింగ్ కాంట్రాక్టు పోవచ్చు. అందుకే ఒక ఇంట్లో ట్రైనింగ్ ఒప్పుకుంటే ఆ ఇంటివాళ్లకు కౌన్సెలింగ్ చేయకుండా పక్క ఊరి సైకాలజిస్టు దగ్గరకు పంపడం మంచిది. అలా పంపడానికి ఈ మూడూళ్లలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉండాలి. తనకు పోటీ వస్తారని వాళ్లను రానివ్వకుండా చూసేవాళ్లకు, ఈ ఫోన్ వచ్చిన రోజు పంపడానికి ఎవరూ ఉండరు.