జిమ్ ఫీజు ఆపేసి చేను గట్టు పట్టాను: రైతు ఒంటికి రోజంతా కదలిక

ఈసారి వీడియో పంట గురించి కాదు, పంట పండించే మనిషి ఒంటి గురించి. జీవామృతం, కషాయాలు, ఆచ్ఛాదన అని గంటలు గంటలు మాట్లాడుకుంటాం గానీ మన మోకాళ్ళ గురించి, నడుము గురించి మాత్రం మాట్లాడుకోం.

"రైతుకి ఎక్సర్‌సైజు ఎందుకయ్యా, పొలం పనే పెద్ద ఎక్సర్‌సైజు కదా" అనే మాట మనందరం విన్నదే. మా నాన్న రోజుల్లో అది నిజం. ఇప్పుడు ఒకసారి లెక్క చూసుకోండి. చేను దాకా బండి. మోటారు వెయ్యడానికి సెల్‌ఫోన్ స్టార్టరు. దుక్కికి ట్రాక్టరు, గట్టు మీద గడ్డికి బ్రష్ కట్టరు, నీటికి డ్రిప్పు. గట్టు పక్కన బండి ఆపి, సీటు దిగకుండానే చేను చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు మా ఊళ్ళోనే పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టడానికి చెప్పడంలేదు. పాతికేళ్ళ కిందట రాత్రి కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరికి పరిగెత్తిన వాళ్ళే వీళ్ళంతా, పాములకు భయపడుతూ. స్టార్టరు వచ్చాక ప్రాణానికి హాయి అనిపించింది. అయితే ఆ నడక పోయిన చోట ఇంకొకటి ఏదీ రాలేదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, పొట్ట మాత్రం కరగడంలేదు.

అందుకే ఇప్పుడు మండల కేంద్రాల్లో కూడా జిమ్ములు వచ్చాయి. షుగరు బోర్డర్లో ఉంది, వ్యాయామం చెయ్యమని డాక్టరు గారు చెబితే నేనూ రెండేళ్ళు వెళ్ళాను. ఊరికి 11 కిలోమీటర్లు, నెలకి 1,200 రూపాయలు. మేలు జరగలేదని అనను. భుజాలు గట్టిపడ్డాయి, మొదటి ఆరు నెలలు హుషారుగానే ఉంది. తర్వాత బరువులు పెరిగేకొద్దీ ఒళ్ళు నొప్పులు పెరిగాయి. పొద్దున్నే గంటంపావు కష్టపడి ఇంటికొస్తే మళ్ళీ పార పట్టుకునే ఓపిక ఉండేది కాదు. కలుపుకి కూలి మనుషుల్ని పెట్టేవాళ్ళం. అంటే ఒంట్లో సత్తువ ఖర్చు చెయ్యడానికి టౌన్లో డబ్బు కడుతున్నా, సత్తువ కావాల్సిన పనికి ఊళ్ళో మళ్ళీ డబ్బు కడుతున్నా. మా ఆవిడ ఒకరోజు అననే అంది: "జిమ్ములో అంతంత బరువులు ఎత్తుతారంట, ఇంట్లో బిందె మాత్రం ఎత్తరు."

మన భాషలో చెప్పాలంటే ఇది యూరియా పద్ధతి. పొద్దున ఒక గంట గుప్పించేసి, మిగతా రోజంతా కుర్చీలో. మొక్క ఒక్కసారి పచ్చబడినట్టే కనిపిస్తుంది. జీవామృతం అలా కాదు కదా, అది తోడు పెట్టడం లాంటిది. కొంచెం కొంచెంగా, విడవకుండా ఇస్తూ ఉంటే నేల తన పని తాను చేసుకుంటుంది. ఒంటికి కూడా అలాంటి పద్ధతి ఉందా అని వెతికితే చాలా పాత సంగతి ఒకటి దొరికింది.

లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూశాడు. 1953లో 'లాన్సెట్' పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే కంపెనీ. డ్రైవరు రోజంతా కూర్చుని ఉంటాడు, కండక్టరు టికెట్ల కోసం పైకీ కిందకీ రోజుకి వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండె జబ్బులు కండక్టర్లలో తక్కువగా కనిపించాయి. ఆ కండక్టర్లు ఎవరూ వ్యాయామం చేస్తున్నామని అనుకోలేదు, టికెట్లు కొట్టారు అంతే. హైదరాబాదులో డబుల్ డెక్కర్లు ఎక్కిన పెద్దవాళ్ళకి ఆ మెట్లు గుర్తుండే ఉంటాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు కదలిక, వారానికి రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే పని ఉండాలన్నారు. అంతకుముందు, ఒక్కసారికి కనీసం 10 నిమిషాలు చేస్తేనే లెక్క అనేవాళ్ళు. ఆ షరతు ఇప్పుడు తీసేశారు. మనకి కావలసింది అదే. రెండు నిమిషాలు డ్రమ్ము కలిపినా, ఐదు నిమిషాలు గడ్డి మోసినా ఖాతాలో పడుతుంది. మోస్తరు అంటే ఎంత అంటారా? మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే కొలత.

ఇక రోజుకి పదివేల అడుగులు అనే మాట. అది డాక్టర్లు పెట్టిన లెక్క కాదండి. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముతూ దానికి 'పదివేల అడుగుల మీటరు' అనే అర్థం వచ్చే పేరు పెట్టింది, ఆ అంకె ప్రపంచమంతా పాకిపోయింది. 2019లో అమెరికాలో పెద్ద వయసు ఆడవాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనంలో రోజుకి 4,400 అడుగుల దగ్గరే మంచి తేడా కనిపించింది, 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా లేదు. కాబట్టి ఫోన్‌లో అంకె తక్కువ చూపించిందని దిగులు వద్దు.

మన లెక్క మనం వేసుకుందాం. ఎకరం చదరంగా ఉందనుకుంటే చుట్టూ గట్టు సుమారు 254 మీటర్లు. నాలుగు చుట్లు తిరిగితే కిలోమీటరు. ఐదెకరాలు ఒకే చెక్కగా ఉంటే ఒక్క చుట్టే 570 మీటర్లు దగ్గరకొస్తుంది. నేను పొద్దున ఆరుకల్లా గట్టెక్కుతాను, మూడు చుట్లు తిరుగుతాను, చేతిలో ఫోను ఉండదు. వీడియోలో నేను మధ్యమధ్యలో ఆగి వంగడం చూస్తారు, ఒక్కోసారి వరి ఆకు మీద కాండం తొలుచు పురుగు గుడ్ల ముద్ద కోసం, ఒక్కోసారి ఎలక బొరియ కోసం. గుడ్ల ముద్ద కనిపిస్తే ఆ ఆకు తుంచి తెచ్చేస్తా. ట్రెడ్‌మిల్లు మీద ఎంత నడిచినా ఈ పని జరగదు. పురుగుని ముందే పట్టుకోకపోతే కషాయాలతో నెగ్గలేమని మీకు తెలుసు కదా, ఆ నడక పంటకీ మందే. సన్నగట్టు మీద నడిస్తే ఒళ్ళు తూకం పట్టడం కూడా అలవాటవుతుంది. వాన పడిన మర్నాడు మాత్రం వెడల్పు గట్టు మీదే నడవండి.

రాత్రి అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాలు ఊళ్ళో ఒక చుట్టు. నడిచేటప్పుడు కండరాలు రక్తంలో చక్కెర వాడుకుంటాయి. షుగరు ఉన్నవాళ్ళకి తిన్న తర్వాత నడక ఎక్కువ పనిచేసేది అందుకే.

జీవామృతం డ్రమ్ము సంగతి. 200 లీటర్ల డ్రమ్ములో పొద్దున, సాయంత్రం కర్రతో తిప్పుతాం కదా, చాలామంది ఒక్క చేత్తో, నడుము మెలితిప్పి తిప్పుతారు. అలా వద్దు. కాళ్ళు ఎడం చేసి, మోకాళ్ళు కొంచెం వంచి, రెండు చేతులతో కర్ర పట్టుకుని, నడుముతో పాటు ఒళ్ళంతా కదిలేలా తిప్పండి. కర్ర మీ ఛాతీ ఎత్తు దాకా రావాలి, పొట్టి కర్ర అయితే వంగి చావాలి. చేలోకి మోసేటప్పుడు నిండు బకెట్టు ఒకటి కాకుండా సగం బకెట్లు రెండు, చేతికొకటి. స్ప్రేయరు కూడా అంతే. 16 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్ళ బరువే 16 కిలోలు, దానికి ట్యాంకు బరువు కలుపుకోండి. నేను పదితో ఆపుతాను. రెండుసార్లు ఎక్కువ నింపుకోవాలి, నింపడానికి వెళ్ళిరావడం కూడా నడకే.

బరువులు మొత్తం వదిలెయ్యమని అనుకోవద్దు. యాభై దగ్గరపడేకొద్దీ కండ కరుగుతుంది, దాన్ని కాపాడుకోవాలి. వారానికి రెండు రోజులు పేడ తట్టలు మోస్తాను, ఆచ్ఛాదనకి ఎండుగడ్డి మోపులు చేరవేస్తాను, గడ్డపారతో గుంటలు తీస్తాను. ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్ళు వంచి, బరువు ఒంటికి దగ్గరగా పెట్టుకుని లేవాలి. జిమ్ములో నేర్చుకున్న ఆ ఒక్క సంగతి ఇప్పటికీ పనికొస్తోంది. మా అబ్బాయికి ఇరవై రెండేళ్ళు, వాడు ఇంకా జిమ్ముకి వెళ్తున్నాడు. వెళ్ళనివ్వండి, వాడి వయసు వేరు, వాడి ఉద్యోగం కంప్యూటరు ముందు.

ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. ఈ వ్యాసం నాట్లు వేసే ఆడవాళ్ళ కోసం కాదు. రోజుకి ఆరేడు గంటలు బురదలో వంగి ఉండే మనిషికి "ఇంకా కదలండి" అని చెప్పడం కన్నా వెటకారం ఉండదు. ఉద్యోగంలో ఆగకుండా బరువులు మోసేవాళ్ళకి, వ్యాయామం వల్ల వచ్చే లాభం రాకపోవచ్చని, ఒక్కోసారి నష్టమే ఉంటుందని డెన్మార్క్ లాంటి చోట్ల చేసిన పరిశోధనల్లో కనబడింది. తేడా ఎక్కడ ఉందంటే, అలసినప్పుడు ఆపే వీలు మన చేతిలో ఉందా లేదా అన్నదాంట్లో. ప్రకృతి వ్యవసాయంలో కలుపు పని, ఆచ్ఛాదన పని ఎక్కువ, ఆ భారం ఎక్కువగా పడేది ఆడవాళ్ళ మీదే. మా చేలో ఇప్పుడు గంటకొకసారి పది నిమిషాలు పని ఆపిస్తున్నాం. నడుము నిటారుగా పెట్టి చేతులు పైకి చాపుతారు, మజ్జిగ తాగుతారు. సాయంత్రానికి పనేమీ తగ్గలేదు. వరసల్లో నాటి కోనోవీడరు తిప్పితే వంగే గంటలు ఇంకా తగ్గుతాయి. పిడి నడుముకీ ఛాతీకీ మధ్య ఎత్తులో వచ్చేలా బిగించుకోండి.

జిమ్ మానేసి ఏడాదిన్నర అయింది. బరువు తగ్గింది రెండు కిలోలే. నడుము పట్టు పోయింది, రాత్రి నిద్ర పడుతోంది. షుగరు మూడు నెలల సగటు 6.1 ఉండేది, మొన్న 5.8 వచ్చింది. ఘనతంతా నడకకే కట్టబెట్టను, రాత్రి అన్నం మాని కొర్రలు తింటున్న వాటా కూడా ఉంది.

ఎండాకాలంలో తొమ్మిది దాటాక, సాయంత్రం ఐదు లోపు ఇవేవీ చెయ్యకండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు బరువులు మొదలుపెట్టే ముందు డాక్టరుని అడగండి. కళ్ళు తిరిగినా, ఛాతీ పట్టేసినట్టున్నా నీడకి వచ్చి మనిషిని పిలవండి.

గొంతుకూర్చుని కలుపు తీసేటప్పుడు మోకాళ్ళు పట్టేసేవాళ్ళ కోసం వీడియో చివర్లో ఒక పీట చూపించాను. జానెడు ఎత్తు వేప చెక్క, అడుగున రెండు గుండ్రటి కాళ్ళు, నడుముకి కట్టుకోవడానికి తాడు. లేచి ముందుకు జరిగితే పీట కూడా మీతోనే వస్తుంది. మా ఊరి వడ్రంగి 250 రూపాయలకి చేశాడు. మోకాలి చిప్ప మార్పిడి అయినవాళ్ళకి ఈ ఎత్తు కూడా వద్దు. వాళ్ళు కుర్చీ ఎత్తులో మడులు కట్టుకుని ఆకుకూరలు పెంచుకోవచ్చు. అలాంటి మడి మా అమ్మకి కట్టించాం, దాని కొలతలు వచ్చే వీడియోలో పెడతాను.