టైరులో గాలి – ప్రయాణంలో ప్రాణం

మన హాస్టల్లో చదువుకుని వెళ్ళిన సీనియర్లలో ఉపాధ్యాయులు ఉన్నారు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు, కానిస్టేబుళ్ళు ఉన్నారు, హైదరాబాదులో క్యాబ్ నడుపుకుంటూ తమ్ముళ్ళను చదివిస్తున్న వారూ ఉన్నారు. ఒకప్పుడు ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దిగిన వారు ఇప్పుడు వార్షికోత్సవానికి భార్యాపిల్లలతో సొంత కారులో వస్తున్నారంటే అది మనందరికీ గర్వకారణం.

అయితే ఒక విషయం ఆలోచించాలి. తాతల నాటి నుంచి కారు ఉన్న ఇళ్ళలో పిల్లలు తండ్రి పక్కన నిలబడి టైరు మార్చడం చూసి నేర్చుకుంటారు. మన ఇళ్ళలో మొదటి డిగ్రీ మనదే, మొదటి ఉద్యోగం మనదే, మొదటి కారూ మనదే. చెప్పేవారు ఎవరూ లేరు. డ్రైవింగ్ స్కూల్లో క్లచ్, గేరు, స్టీరింగు నేర్పుతారు గాని టైరు గురించి చెప్పేది తక్కువ. పైగా మనం కొనేది ఎక్కువగా సెకండ్ హ్యాండ్ కారు. దానితోపాటు పాత టైర్లు కూడా వస్తాయి. అందుకే నేను చదివి, అడిగి తెలుసుకున్న నాలుగు విషయాలు ఈ సంచిక ద్వారా మీతో పంచుకుంటున్నాను.

కారును మోసేది గాలే

గాలి నింపిన టైరుకు 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందాడు. కాని అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడైన జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్ళీ తయారు చేసిన తర్వాతే గాలి టైరు ప్రపంచమంతా పాకింది.

హైస్కూల్లో చదువుకున్న పీడనం పాఠం గుర్తు తెచ్చుకోండి. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుంది. ఐదుగురు ఎక్కిన చిన్న కారు సుమారు 1250 కిలోలు ఉంటుందనుకుందాం. ఒక్కో టైరు మీద పడే బరువు 310 కిలోల పైమాటే. టైరులో గాలి 30 పి.ఎస్.ఐ. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.1 కిలోలు. భాగిస్తే సుమారు 150 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఒక్కో టైరు నేలను తాకేది పోస్టుకార్డు కంటే కాస్త పెద్ద జాగా మాత్రమే. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, వానలో జారకుండా ఆగినా అంతా ఆ నాలుగు పోస్టుకార్డులంత పట్టు మీదే ఆధారపడి ఉంటుంది.

గాలి తగ్గితే టైరు చతికిలబడుతుంది. తిరిగే ప్రతి చుట్టుకీ దాని పక్క గోడలు మడతపడి మళ్ళీ లేస్తాయి. ఒక తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే వేడెక్కి తెగినట్లే, టైరు లోపలి పొరలు కూడా వేడెక్కి విడిపోతాయి. మే నెల మధ్యాహ్నం, నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను, హైదరాబాదు – విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద వంద వేగం. టైరు పేలిందంటే అందరూ ఎండ వల్ల అంటారు. ఎండ ఒక కారణమే గాని, చాలాసార్లు అసలు కారణం చాలినంత గాలి లేకపోవడమే.

గాలి ఎంత, ఎప్పుడు?

గాలి ఎంత ఉండాలో బంకులో అబ్బాయిని అడగనక్కరలేదు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. ఇద్దరు ఉన్నప్పుడు ఎంత, నిండా మనుషులు ఉన్నప్పుడు ఎంత, ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత అని అందులోనే రాసి ఉంటుంది. టైరు పక్క మీద రాసి ఉండే గరిష్ఠ పీడనం వేరు. అది టైరు తట్టుకోగల హద్దు, మనం కొట్టించవలసిన లెక్క కాదు.

గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఉదయం బయలుదేరిన వెంటనే, ఒకటి రెండు కిలోమీటర్ల లోపు అయితే మంచిది. దీనికి కారణం మనం ఇంటర్‌లో చదివిన వాయు నియమాలే. ఉదయం 25 డిగ్రీల దగ్గర 30 పి.ఎస్.ఐ. ఉన్న టైరు, పరుగెత్తి 55 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 34 చూపిస్తుంది. "ఎక్కువైంది" అని ఆ నాలుగూ తీసేస్తే, మర్నాడు ఉదయానికి 26 మాత్రమే మిగులుతుంది. కాబట్టి వేడి టైరు నుంచి గాలి తీయకూడదు.

ఏ రంధ్రం లేకపోయినా టైరు నెలకు ఒక పి.ఎస్.ఐ. వరకు గాలి కోల్పోతుంది. పదిహేను రోజులకు ఒకసారి, దూర ప్రయాణానికి ముందు తప్పనిసరిగా చూడాలి. స్టెప్నీలో కూడా చూడాలి. చాలామంది స్టెప్నీని అవసరం పడిన రోజే చూస్తారు, ఆ రోజు అందులో గాలి ఉండదు. నైట్రోజన్ కొట్టిస్తే మంచిదా అని కొందరు అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఏది కొట్టించినా సరైన పీడనం ఉండడమే ముఖ్యం.

టైరు మీద రాతలు చదవండి

టైరు పక్క మీద 165/80 ఆర్ 14 వంటి రాత ఉంటుంది. 165 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 80 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం అని. ఆర్ అంటే రేడియల్. 14 అంటే రిమ్ము కొలత, అంగుళాలలో.

కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. అది టైరు పుట్టిన తేదీ. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఒక పక్క కనిపించకపోతే రెండో పక్క చూడండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజను శబ్దం వినే ముందు ఈ అంకెలు చదవండి. రబ్బరు వాడినా వాడకపోయినా ఎండకు, గాలికి గట్టిపడి చిట్లుతుంది. ఐదేళ్ళు దాటిన టైర్లను ఏటా తెలిసినవారికి చూపించాలి. పదేళ్ళు దాటితే కొత్తగా కనిపించినా తీసివేయాలి. మన ఎండలకు అంతవరకు ఆగకపోవడమే మేలు.

టైరు గాళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే దాని ఆయుష్షు తీరినట్లే. గాళ్ళు ఉన్నది అందానికి కాదు, వాన నీటిని పక్కకు నెట్టడానికి. అవి లేకపోతే టైరు నీటి మీద తేలుతుంది, అప్పుడు బ్రేకు గాని స్టీరింగు గాని పనిచేయవు.

అరిగిన తీరు కూడా మనతో మాట్లాడుతుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. నడిమి భాగం అరిగితే గాలి ఎక్కువ. ఒక అంచే అరిగితే వీల్ అలైన్‌మెంట్ తప్పింది. పక్క గోడ మీద బుడిపె లేస్తే లోపలి దారాలు తెగాయన్నమాట. అలాంటి టైరుతో ఊరు దాటకూడదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టి ఏడాది లాగిన అలవాటు మనది. ఆ పొదుపే మనల్ని ఇంతవరకు తెచ్చింది, దానికి సిగ్గుపడనక్కరలేదు. కాని చెప్పు తెగితే వట్టి కాళ్ళతో నడవవచ్చు. టైరు పేలితే లేచి నడిచే అవకాశం ఉండకపోవచ్చు. పాత టైరుకు కత్తితో గాళ్ళు లోతుగా కోసి తక్కువ ధరకు అమ్ముతారు. అటువంటివి కొనకండి. పొదుపు ఇంకెక్కడైనా చేయండి.

పరుగులో టైరు పేలితే

పెద్ద శబ్దం వస్తుంది, కారు ఒక పక్కకు లాగుతుంది. ఆ క్షణంలో కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతుంది. అది చేయకూడని పని. గట్టిగా బ్రేకు వేస్తే కారు గిర్రున తిరుగుతుంది. రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని కారును తిన్నగా ఉంచాలి. యాక్సిలరేటరు మీద నుంచి కాలు మెల్లగా తీయాలి. వేగం దానంతట తగ్గాక ఇండికేటరు వేసి, అద్దంలో చూసుకుని, ఎడమ వైపు రోడ్డు దిగువకు చేరుకోవాలి.

పేలకుండా మెల్లగా గాలి దిగితే స్టీరింగు బరువెక్కుతుంది, కారు ఒక వైపు లాగుతుంది. అప్పుడు మలుపులోనో, వంతెన మీదో, ఫ్లైఓవరు మీదో ఆగవద్దు. ప్రమాద దీపాలు వేసుకుని అతి మెల్లగా బంకు, ధాబా, టోల్‌గేటు వంటి విశాలమైన, వెలుతురు ఉన్న చోటికి పోవాలి. అలా పోతే టైరు పాడవుతుంది, రిమ్ము కూడా సొట్ట పడవచ్చు. పడనివ్వండి. రోడ్డు మధ్యలో టైరును కాపాడుకోవడానికి ఆగి ప్రాణం పోగొట్టుకోవడం ఏం లాభం?

ముందు మనుషులు, తర్వాత కారు

పంక్చర్ ఎవరినీ చంపదు. పంక్చర్ అయిన కారు దగ్గర నిలబడితే వెనక నుంచి వచ్చే లారీ చంపుతుంది. కాబట్టి ఆగగానే అందరినీ ఎడమ వైపు తలుపుల నుంచి దింపాలి. కారు వెనక గాని ముందు గాని నిలబడనీయకుండా, రెయిలింగు దాటి దూరంగా కూర్చోబెట్టాలి. పిల్లలను కారులోనే నిద్రపోనివ్వవద్దు.

తర్వాత డిక్కీలోని ఎర్ర త్రికోణం తీయాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. త్రికోణం కారుకు పది మీటర్ల దూరంలో పెడితే వచ్చేవాడికి అది అర సెకను ముందు మాత్రమే హెచ్చరిక ఇస్తుంది. మామూలు రోడ్డు మీద కనీసం 50 మీటర్లు, హైవే మీద 100 మీటర్లు వెనక్కి వెళ్ళి పెట్టాలి. వెళ్ళేటప్పుడు ఎదురు వచ్చే బండ్లను చూస్తూ, త్రికోణాన్ని ముందు పట్టుకుని, రోడ్డు అంచున నడవాలి.

కుడి వైపు టైరు పోయి, పక్కనే బండ్లు పోతున్న చోట అయితే మార్చే ప్రయత్నమే చేయవద్దు. జాతీయ రహదారి మీద ఉంటే 1033కి, ప్రమాద పరిస్థితి అయితే 112కి ఫోను చేయండి. సాయం వచ్చేవరకు రోడ్డుకు దూరంగా ఉండండి.

స్టెప్నీ మార్చే పద్ధతి

చోటు గట్టి నేల, సమతలం అయి ఉండాలి. హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరులో ఉంచాలి. ఆటోమేటిక్ కారు అయితే 'పి'లో ఉంచాలి. లేపే టైరుకు మూలగా ఎదురు ఉన్న టైరుకు రెండు వైపులా రాళ్ళు పెట్టాలి. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక చక్రం లేపినప్పుడు ఆ పట్టు సగమవుతుంది, కాబట్టి రాళ్ళు మరువకూడదు.

కారు లేపకముందే, టైరు నేల మీద ఉండగానే నట్లను ఎడమ చేతి వైపు తిప్పి కాస్త వదులు చేయాలి. లేపిన తర్వాత బలం పెడితే కారు జాకీ మీద నుంచి జారుతుంది. జాకీని కారు పుస్తకంలో చూపిన చోటే పెట్టాలి. స్టెప్నీని పడుకోబెట్టి జాకీ పక్కన కారు కిందికి తోయండి. ఒకవేళ జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది. కారు కింద చెయ్యి గాని కాలు గాని ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు.

పాత టైరు తీసి దాన్ని స్టెప్నీ ఉన్న చోట పెట్టి, స్టెప్నీ బిగించండి. నట్లు ముందు చేత్తో పట్టించి, కారు దింపాక స్పానరుతో బిగించాలి. వరుసగా కాదు, ఒకదాని తర్వాత దానికి ఎదురు ఉన్నది. అప్పుడే చక్రం వంకర లేకుండా కూర్చుంటుంది. స్పానరు మీద ఎక్కి తొక్కి బిగించవద్దు, బోల్టులు దెబ్బతింటాయి. 50 కిలోమీటర్లు పోయాక ఒకసారి నట్లు మళ్ళీ చూడండి. స్టెప్నీ సన్నగా ఉండే రకమైతే దాని మీద రాసిన వేగం, మామూలుగా 80, దాటకూడదు.

కొన్ని కొత్త కార్లకు అసలు స్టెప్నీ ఉండదు. గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేరు కిట్టు ఉంటే స్టెప్నీ అక్కరలేదని కేంద్ర ప్రభుత్వం 2020లో నిబంధనలు మార్చింది. కారు కొనేటప్పుడే డిక్కీ చాప ఎత్తి చూసుకోండి.

పంక్చర్ షాపులో

ట్యూబ్‌లెస్ టైరులో మేకు కనిపిస్తే పీకవద్దు. అది ఉన్నంతసేపు గాలి మెల్లగానే పోతుంది, షాపు దాకా చేరవచ్చు. నేలను తాకే భాగంలో ఉన్న చిన్న రంధ్రానికే ప్యాచి వేయవచ్చు. పక్క గోడకు రంధ్రం పడితే టైరు మార్చవలసిందే. గాలి లేకుండా చాలా దూరం నడిపి ఉంటే, టైరు విప్పించి లోపల రబ్బరు పొడి రాలిందేమో చూడమని అడగండి. రాలి ఉంటే లోపలి గోడ నలిగిపోయిందన్నమాట, ఆ టైరు ఇక పనికిరాదు.

మిత్రులారా! మనలో చాలామంది మీద ఒక కుటుంబం మొత్తం ఆధారపడి ఉంది. ఊళ్ళో తల్లిదండ్రులు ఉన్నారు, చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. మనకేదైనా జరిగితే ఆ ఇల్లు మళ్ళీ ముప్పై ఏళ్ళు వెనక్కి పోతుంది. గాలి చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. వచ్చే ఆదివారం తీరికగా ఇంటి ముందే ఒకసారి స్టెప్నీ దింపి, మార్చి చూడండి. పగటిపూట ఇంటి ముందు నేర్చుకున్న పని అర్ధరాత్రి హైవే మీద అక్కరకొస్తుంది. అప్పుడు మీ పిల్లలను కూడా పక్కన నిలబెట్టుకోండి. మనకు నేర్పేవారు లేకపోయారు. వాళ్ళకు మనం ఉన్నాం.