రౌటర్‌కు వరస నేర్పిన కథ

ఇంట్లో ఒకరు టోరెంట్ పెడితే పక్క గదిలో వీడియో కాల్ ముక్కలుముక్కలైపోతుంది. స్పీడ్ చాలడం లేదనుకుని పెద్ద ప్లాన్‌కు మారతాం. చాలా ఇళ్లలో అసలు చిక్కు స్పీడ్‌ది కాదు, రౌటర్‌లోనో మోడెమ్‌లోనో పేరుకుపోయే ప్యాకెట్ల, అంటే డేటా ముక్కల, వరసది.

ఈ కథకు మొదలు 1986 అక్టోబరు. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, సుమారు 400 గజాల దూరంలోని విశ్వవిద్యాలయానికీ మధ్య సెకనుకు 32 కిలోబిట్ల వేగం 40 బిట్లకు పడిపోయింది. ఆ ప్రయోగశాలలోని వాన్ జాకబ్సన్ 1988లో విరుగుడు ప్రకటించాడు. దారిలో ప్యాకెట్ పోయిందంటే రద్దీ ఉన్నట్టే. పంపే కంప్యూటర్ జోరు తగ్గించుకోవాలి. ఇంటర్నెట్ ఆ మర్యాదతోనే నిలదొక్కుకుంది.

2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టోరెంట్ తెచ్చాడు. ఒకే ఫైల్‌ను ఎందరి దగ్గర్నుంచో ముక్కలుగా తెచ్చుకోవడం, తెచ్చుకున్నవి ఇతరులకు పంచడం దాని పద్ధతి. ఒక్కో కనెక్షనూ మర్యాదగానే ఉంటుంది. కానీ నలభై కనెక్షన్లు తెరిచినవారికి నలభై వాటాలు దక్కుతాయి, కాల్ మాట్లాడేవారికి ఒక్కటే. పైగా చాలా ఇళ్లలో అప్‌లోడ్ దారి ఇరుకు.

ఈలోగా మెమరీ చవకైంది. ప్యాకెట్ ఒక్కటీ పోకూడదని తయారీదారులు బఫర్లు, అంటే ప్యాకెట్లు ఆగే చోట్లు, పెంచారు. ప్యాకెట్ పోకపోతే రద్దీ కబురు అందదు, పంపేవారు జోరు తగ్గించరు. సెకనుకు 1 మెగాబిట్ అప్‌లోడ్ లైనులో 256 కిలోబైట్ల బఫర్ నిండితే, చివర చేరిన ప్యాకెట్ రెండు సెకన్లు ఆగాలి. 2010లో జిమ్ గెటిస్ తన ఇంట్లో పెద్ద ఫైల్ పంపుతూ ఇలాంటి ఆలస్యాన్నే కొలిచి, దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు.

2012లో కాథలీన్ నికోల్స్, జాకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతిని రూపొందించారు. అది వరస పొడవు చూడదు, ప్యాకెట్ ఎంతసేపు ఆగిందో చూస్తుంది. ఆ ఆలస్యం 100 మిల్లీసెకన్లపాటు 5 మిల్లీసెకన్లకు దిగకపోతే ప్యాకెట్లను వదిలేయడం మొదలుపెడుతుంది. రద్దీ కబురు వేళకు అందుతుంది. అదే ఏడు ఎరిక్ డ్యూమజే దానికి ఒక్కో కనెక్షన్‌కూ వేరే వరసను జోడించి ఎఫ్‌క్యూ-కోడెల్‌గా లినక్స్‌లో చేర్చాడు. బంతిభోజనంలో వడ్డించే మనిషి విస్తరికో గరిటె వేసుకుంటూ సాగినట్టు, రౌటర్ ప్రతి వరసకూ వంతుల ప్రకారం దారి ఇస్తుంది. డేవ్ టాట్ బృందం దీన్ని ఇంటి రౌటర్లలో నిలబెట్టింది.

అయినా టోరెంట్‌కు నలభై వరసలు ఉండనే ఉన్నాయి. 2018లో లినక్స్‌లో చేరిన కేక్ అనే పద్ధతి ఆ లోటు తీర్చింది. కనెక్షన్లను కాక ముందు ఇంట్లోని పరికరాలను లెక్కించి, వాటికి సమానంగా పంచగలదు.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వంటి సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్లలో కేక్ ఉచితంగా దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: రౌటర్‌లో వేగాన్ని అసలు లైను వేగం కన్నా కాస్త తక్కువగా, తొంభై శాతం దగ్గర పెట్టాలి. అప్పుడే వరస మోడెమ్‌లో కాక, పద్ధతి తెలిసిన రౌటర్‌లో ఏర్పడుతుంది. టోరెంట్ రాత్రంతా నడవవచ్చు, కాల్ తెగదు. ఇంట్లో ఎవరినీ ఆపమని అడగక్కర్లేదు. పెద్ద ప్లాన్ కొనేముందు ఈ మార్పు చేసి చూడండి.