స్టోరు గది తాళం - లైనక్స్ సర్వర్‌లో ఫైళ్లు పంచుకునే విధానం



మన రీడింగ్ రూములో ఆరు పాత కంప్యూటర్లున్నాయి. నాలుగింటిలో లైనక్స్, రెండింటిలో విండోస్. మొదట్లో ఎవరి నోట్సు ఏ కంప్యూటర్లో ఉందో ఎవరికీ తెలిసేది కాదు. ఒకే పెన్‌డ్రైవ్ అందరి చేతులూ మారేది. దానితో పాటు వైరస్ కూడా మారేది. అందుకని పీజీ చదువుతున్న మేము నలుగురం, మూలన పడి ఉన్న ఏడో కంప్యూటర్‌ను బాగుచేసి ఫైల్ సర్వర్‌గా పెట్టాం. అది ఎలా పెట్టామో, ఎక్కడ దెబ్బతిన్నామో చెప్పడానికే ఈ వ్యాసం.

సర్వర్ అంటే ఏమిటి?

మన బట్టలు, పుస్తకాలు మన ట్రంకు పెట్టెలో ఉంటాయి. బియ్యం, పప్పు మాత్రం ఎవరి పెట్టెలో వాళ్లు దాచుకోం. అవి స్టోరు గదిలో ఉంటాయి. ఫైల్ సర్వర్ కూడా అలాంటి స్టోరు గదే. కాకపోతే దానిలోని ఫోల్డరు మన కంప్యూటర్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. తెరిస్తే ఫైలు నెట్‌వర్క్ మీదుగా మన దగ్గరికి వస్తుంది. సేవ్ చేస్తే తిరిగి అక్కడికే వెళ్తుంది.

ఇందుకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది ఎన్ఎఫ్ఎస్, అంటే నెట్‌వర్క్ ఫైల్ సిస్టం. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ తయారుచేసింది. లైనక్స్ కంప్యూటర్ల మధ్య ఇదే సులువు. రెండవది సాంబా. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి ఎస్ఎంబీ అనే భాష మాట్లాడతాయి. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి ఆ భాష మాట్లాడే ప్రోగ్రాం రాశాడు. అదే తర్వాత సాంబా అయింది. దాన్ని లైనక్స్‌లో వేస్తే విండోస్ కంప్యూటర్లు కూడా మన సర్వర్‌ను తెరవగలవు. మేము ఒకే ఫోల్డరును రెండు దారుల్లోనూ ఇచ్చాం.

పెట్టే పద్ధతి

ముందుగా సర్వర్‌కు ఎప్పటికీ మారని ఐపీ అడ్రసు ఇవ్వాలి. అడ్రసు రోజూ మారితే ఉత్తరం ఎక్కడికి చేరుతుంది? మేము 192.168.1.10 ఇచ్చాం. తర్వాత ఎన్ఎఫ్ఎస్ సర్వర్ ప్యాకేజీ వేసి, ‘ఈటీసీ’ డైరెక్టరీలో ఉండే ‘ఎక్స్‌పోర్ట్స్’ అనే ఫైలులో ఒక్క లైను రాయాలి. ఆ లైనులో మూడే సంగతులుంటాయి: ఏ ఫోల్డరు, ఎవరికి, ఏ అధికారంతో. అధికారం బ్రాకెట్లో రాస్తాం. ‘ఆర్ఓ’ అంటే చదవడం మాత్రమే. ‘ఆర్‌డబ్ల్యూ’ అంటే చదవవచ్చు, రాయవచ్చు. ‘సింక్’ అని కూడా ఉంచితే, డిస్కు మీద రాయడం పూర్తయ్యాకే సర్వర్ ‘అయింది’ అని జవాబిస్తుంది. కరెంటు పోయే మన లాంటి చోట్ల అది తప్పనిసరి.

తర్వాత ‘ఎక్స్‌పోర్ట్ఎఫ్ఎస్’ కమాండ్ ఇస్తే కొత్త లైను అమలులోకి వస్తుంది. మిగతా కంప్యూటర్లలో ‘మౌంట్’ కమాండుతో ఆ ఫోల్డరును తగిలించుకోవాలి. రోజూ తగిలించే పని లేకుండా ‘ఎఫ్ఎస్‌ట్యాబ్’ ఫైలులో రాసుకోవచ్చు. అక్కడ ‘నోఫెయిల్’ అనే మాట చేర్చడం మరవకండి. లేకపోతే సర్వర్ ఆపి ఉన్న రోజు మీ కంప్యూటర్ సరిగా స్టార్ట్ కాకపోవచ్చు. పని మధ్యలో సర్వర్ ఆగిపోతే మీ ఫైలు కదలకుండా నిలబడిపోతుంది. కంగారుపడి స్విచ్ ఆపకండి. సర్వర్ లేచాక పని మామూలుగా మళ్లీ సాగుతుంది.

ఒక్క ఖాళీ చేసిన పని

ఇప్పుడు మా తప్పు. లైను రాసేటప్పుడు అడ్రసుకూ బ్రాకెట్‌కూ మధ్య ఒక ఖాళీ వదిలాం. చూడటానికి అందంగా ఉంటుందనుకున్నాం. కానీ ఆ ఖాళీతో అర్థమే మారిపోతుంది. ‘ఈ అడ్రసుల వాళ్లకు మామూలు అధికారం, అంటే చదవడం మాత్రమే, మిగతా లోకమంతటికీ రాసే అధికారం’ అని సర్వర్ అర్థం చేసుకుంటుంది. ఇంటివాళ్లను గడప దగ్గర ఆపి, దారినపోయే వాళ్లకు తాళం ఇచ్చినట్టు!

మా ఫైళ్లు సేవ్ కావడం లేదు. కారణం తెలియక విసుగెత్తి, లోపలి ఫోల్డర్లన్నిటికీ అందరికీ అన్ని అధికారాలూ ఇచ్చేశాం. రెండు రోజులకు ఖాళీ సంగతి తెలిసి దాన్ని సరిచేశాం. ఫోల్డర్ల అధికారాలు మాత్రం అలాగే వదిలేశాం.

పరీక్షలకు వారం ముందు ఒక తమ్ముడు తన కంప్యూటర్లో చోటు లేదని ఒక ఫోల్డరు చెరిపేశాడు. అది తన కంప్యూటర్లోది అనుకున్నాడు. అది సర్వర్‌లోది. అతను కూర్చున్నది విండోస్ కంప్యూటర్ ముందు. నెట్‌వర్క్ ఫోల్డర్లో చెరిపినది రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు. డిగ్రీ ఫైనలియర్ నోట్సు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ పోయాయి. నాలుగు రాత్రులు కూర్చుని కాగితాలు చూసి మళ్లీ టైపు చేశాం. ఒక సీనియర్ అన్న గణితం నోట్సు మాత్రం దొరకలేదు. ఫోన్ చేస్తే, ఇల్లు కురిసి ఆ కాగితాలు ఎప్పుడో తడిసిపోయాయని చెప్పాడు. తప్పు ఆ తమ్ముడిది కాదు. తాళం తీసి వదిలేసింది మేము.

దిద్దుకున్నది ఇలా

ఒకటి: నోట్సు ఫోల్డరు అందరూ చదవవచ్చు, కొత్త ఫైలు పెట్టవచ్చు. కానీ ఎవరి ఫైలు వాళ్లే చెరపగలరు. దీనికి లైనక్స్‌లో ‘స్టిక్కీ బిట్’ అనే ఏర్పాటుంది. లోపల ఉన్న ప్రతి ఫోల్డరుకూ విడిగా పెట్టాలి.

రెండు: మామూలు ఎన్ఎఫ్ఎస్ మనుషులను పేరుతో కాదు, నంబరుతో గుర్తిస్తుంది. అటెండెన్స్‌లో రోల్ నంబరు పిలిచినట్టే. ఒక కంప్యూటర్లో 1001 నంబరు రాముది, ఇంకో దానిలో శీనుది అయితే, రాము ఫైలు శీనుదని సర్వర్ నమ్ముతుంది. అందుకని అన్ని కంప్యూటర్లలో ఒక మనిషికి ఒకే నంబరు ఉండాలి.

మూడు: ‘రూట్ స్క్వాష్’ తీసేయకండి. పక్క హాస్టల్ వార్డెన్ గారు వచ్చి మన స్టోరు తాళం అడిగితే ఇస్తామా? ఒక కంప్యూటర్లో రూట్ అయినంత మాత్రాన సర్వర్ మీద రూట్ కాకూడదు. ఈ ఏర్పాటు మొదటి నుంచే ఉంటుంది.

నాలుగు: సాంబాలో ప్రతి ఒక్కరికీ వేరే పాస్‌వర్డు పెట్టాం. ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను ఆపేశాం. 2017 మే నెలలో ప్రపంచమంతా వ్యాపించిన ‘వానాక్రై’ వైరస్ విండోస్‌లోని ఆ పాత వెర్షన్ లోపం గుండానే పాకింది. ఎన్ఎఫ్ఎస్ వాడే 2049, సాంబా వాడే 445 పోర్టులను ఇంటర్నెట్ వైపు తెరవలేదు.

ఐదు: ప్రతి ఆదివారం నోట్సంతా వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కు తీసి బీరువాలో పెడుతున్నాం. దీనికి ‘ఆర్‌సింక్’ వాడుతున్నాం. సాంబా రాసిన ట్రిడ్జెలే 1996లో పాల్ మకెరాస్‌తో కలిసి దీన్ని తెచ్చాడు. దానికి ‘డిలీట్’ ఆప్షన్ ఇవ్వలేదు. ఇస్తే సర్వర్‌లో పోయినది కాపీలోనూ పోతుంది. పంచుకోవడం వేరు, దాచుకోవడం వేరని మాకు ఆలస్యంగా తెలిసింది.

చివరగా ఒక మాట

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. పరీక్షకు ఏది చదవాలి, ఏ ఫారం ఎప్పుడు నింపాలి అని ఇంట్లో అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. మాకు చెప్పింది సీనియర్ అన్నల నోట్సే. పొలం, ఇల్లు లేని మనకు వారసత్వంగా వచ్చే ఆస్తి అదే. అందుకే ఆ గదికి తాళం వేయాలి, ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో ముందే ఆలోచించాలి.

ఈ ఏడాదితో మేము హాస్టల్ వదిలి వెళ్తున్నాం. సర్వర్ పాస్‌వర్డు కవరులో పెట్టి వార్డెన్ గారికి అప్పగించాం. మేము చేసిన పనులన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి రీడింగ్ రూములో ఉంచాం. దాని వెనుక పేజీలు ఖాళీగా ఉన్నాయి. అవి మీరు రాయాలి. అన్నలారా, మీ దగ్గర పాత నోట్సు ఏదైనా ఉంటే ఈసారి హాస్టల్‌కు వచ్చేటప్పుడు తీసుకురండి. టైపు చేయడానికి తమ్ముళ్లున్నారు.