ఎదుటివారు మన ఫోను నంబరును బ్లాకు చేసినారా? తెలిసికొనుట ఎట్లు?

ఈ వార్షిక సంచికలో ప్రధానోపాధ్యాయుడు వ్రాయు వ్యాసము చదువును గూర్చియో, మాతృభాషను గూర్చియో యుండుట వాడుక. ఈ యేడు టెలిఫోనును గూర్చి వ్రాయుచున్నాను. తల్లిదండ్రుల సమావేశములకు వచ్చువారు చదువు మాటలు ముగిసిన పిమ్మట, కొంచెము గొంతు తగ్గించి, నన్ను అడుగు ప్రశ్నలలో ఇది యొకటి. "అయ్యా, మా పెద్దవాడు తిరుప్పూరులో పనిలో ఉన్నాడు. వారము దినములుగా పిలుచుచున్నాను. ఒక్కమారు మ్రోగి ఆగిపోవుచున్నది. వాడు నా నంబరును బ్లాకు చేసినాడంటారా?" అడుగువారి కంటిలో నీరు నిలిచియుండుట నేను చూచితిని. కావున ఇది చిన్న విషయము కాదు. యంత్రము పని చేయు విధము తెలియకపోవుటచేత తండ్రీకొడుకులు, అన్నదమ్ములు, వియ్యంకులు ఒకరినొకరు తప్పుపట్టుకొనుచున్నారు.

'బ్లాకు చేయుట' అను మాటకు అడ్డగింపు, నిలుపుదల అని తెలుగు చేయవచ్చును. కాని ఇంటిలో అవ్వలు సైతము బ్లాకు అనియే అనుచుండగా నేను కొత్తమాటను కల్పింపబోను.

మొదట ఇది యెట్టి యేర్పాటో చూతము. మన దిండిగల్ తాళపు కప్పలకు ప్రసిద్ధి. 2019వ సంవత్సరమున వానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. వాకిట కప్ప వేసియున్న యెడల, ఇంటివారు తాళము వేసికొని వెళ్లినారని వీధిలోనివానికి స్పష్టముగా తెలియును. లోపల గడియ వేసినచో బయటివానికి తలుపు మూసియున్నదని మాత్రమే తెలియును. ఎవరైన వేసికొనిరో, గాలికి పడినదో, ఇంట ఎవరును లేరో తెలియదు. ఫోనులోని బ్లాకు ఈ రెండవ జాతికి చెందినది. బ్లాకు చేయబడినవానికి "నిన్ను బ్లాకు చేసినారు" అని ఏ యంత్రమును చెప్పదు. చెప్పకుండుట లోపము కాదు, బుద్ధిపూర్వకముగా చేసిన యేర్పాటు. వాట్సప్ సంస్థవారు తమ సహాయపు పుటలలో ఈ మాటను దాచక చెప్పినారు. బ్లాకు చేసినవారి మర్యాదను కాపాడుటకై సూచనలను అస్పష్టముగా ఉంచితిమని వారి మాట. అందుచేత ఈ వ్యాసములో నేను చెప్పబోవునవి అన్నియు గుర్తులు మాత్రమే, రుజువులు కావు.

ట్రంకు కాలు బుక్కు చేసి గంటలకొలది వేచియున్న దినములు నా యీడువారికి జ్ఞాపకముండును. మన దేశములో మధ్యవర్తి లేకుండ దూరపు ఊరికి నేరుగా ఫోను చేయు పద్ధతి 1960లో కాన్పూరు, లక్నో నగరముల మధ్య మొదలైనను, చిన్న ఊళ్లకు అది చేరుటకు చాల యేండ్లు పట్టినది. అంతవరకు నడుమ ఒక మనిషి ఉండెను. "అవతల మ్రోగుచున్నది, ఎవరును తీయలేదు" అనియో, "లైను పాడైనది" అనియో ఆపరేటరు నోటితో చెప్పెడివాడు. ఇప్పుడు ఆ మనిషి లేడు. ముందుగా పట్టియుంచిన గొంతు ఒకటి మాటాడును. ఆ గొంతు చెప్పు మాటలను జాగ్రత్తగా వినుట నేర్చుకొన్నచో సగము సందేహములు తీరును.

మనము నంబరు నొక్కగానే మాట నేరుగా అవతలి ఫోనునకు పోదు. మొదట మన దగ్గరి టవరుకు, అచ్చటినుండి కంపెనీవారి కేంద్రమునకు పోవును. ఆ నంబరు ఇప్పుడు ఏ ఊరిలో, ఏ టవరు క్రింద నున్నదో కేంద్రము తన పట్టికలో చూచి వెదకును. ఫోను ఆర్పివేయబడియున్నను, టవరు అందని చోట నున్నను కేంద్రమునకు అది దొరకదు. అప్పుడు మనకు ఒక్క మ్రోత కూడ వినబడక, కేంద్రమే నేరుగా బదులు చెప్పును. తమిళములో "తొడర్బు ఎల్లైక్కు వెళియే" అని వినబడునది ఇదియే. ఇట్టి మాట వినబడినప్పుడు బ్లాకు అని అనుకొనుటకు కారణము లేదు. కొడైకెనాలు కొండదారిలో బస్సులో పోవువానికి ఫోను చేసినను ఇదే మాట వచ్చును.

బ్లాకు జరుగు చోటు వేరు. సామాన్యముగా అది కంపెనీ కేంద్రములో గాక అవతలివారి చేతిలోని ఫోనులోనే జరుగును. ఐఫోనులలో ఈ సౌకర్యము 2013లోను, ఆండ్రాయిడు ఏర్పాటులో అన్ని ఫోనులకు ఉమ్మడిగా 2016లోను వచ్చినది. కేంద్రము ఫోనును కనుగొని పిలుపును అందించును. ఫోను తన జాబితాలో మన నంబరును చూచి, యజమానికి వినిపింపక, తానే త్రోసివేయును. కావుననే మనకు ఒక మ్రోతయో, అరకొర మ్రోతయో వినబడి, వెంటనే తెగిపోవును. లేదా "వేరొక పిలుపులో నున్నారు" అను మాటయో, బిజీ స్వరమో వినబడును. విదేశములలో ఇట్టి పిలుపు వాయిస్ మెయిలునకు పోవును. అచ్చటి బంధువులు చెప్పు గుర్తు అదియే. మనవైపు వాయిస్ మెయిలు వాడుకలో లేనందున ఆ గుర్తు మనకు పనికిరాదు.

ఇచ్చట ఒక చిక్కున్నది. అవతలివారు నిజముగా వేరొకరితో మాటాడుచున్నను, చేతితో పిలుపును త్రోసివేసినను మనకు వినబడునది ఇంచుమించుగా ఇట్లే యుండును. భేదము ఒక్కమారు పిలిచిన తెలియదు. ఉదయమొకమారు, మధ్యాహ్నమొకమారు, మరునాటి రాత్రి యొకమారు పిలువవలెను. మూడుమార్లును అదే విధముగా, అదే క్షణమున తెగిపోయినచో అనుమానమునకు తావున్నది. మనుష్యుడు త్రోసివేసినప్పుడు ఒకమారు రెండవ మ్రోతకు, ఒకమారు అయిదవ మ్రోతకు తెగును. యంత్రమునకు అట్టి తడబాటు లేదు. ఒకనాడైనను మ్రోత పూర్తిగా తుదివరకు మ్రోగి, తీయువారు లేక ఆగినచో, చాలవరకు బ్లాకు లేదనియే తలపవచ్చును. అవతల ఫోను మౌనములో నుండవచ్చును, లేదా యజమాని పనిలో నుండవచ్చును. తిరుప్పూరు బనియను కంపెనీలలో రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రించు పిల్లవానికి పదునొకండు గంటలకు ఫోను చేసి, తీయలేదని కోపగించుకొనుట న్యాయము కాదు.

ఇంకొక కారణమును చాలమంది తలపనే తలపరు. నంబరే మారిపోయి యుండవచ్చును. 90 దినములకు మించి వాడుక లేని నంబరును కంపెనీవారు తీసివేయవచ్చును. పిదప కొంతకాలమునకు దానిని వేరొకరికి ఇచ్చెదరు. ఆ క్రొత్త యజమాని, పరిచయము లేని మనుష్యుడు మాటిమాటికి పిలుచుచున్నాడని విసిగి మన నంబరును బ్లాకు చేసినను చేయవచ్చును. అప్పుడు బ్లాకు నిజమే గాని, చేసినది మన బంధువు కాదు.

ఇక వాట్సప్. ఇందులో గుర్తులు కంటికి కనబడును గనుక జనులు వీనినే ఎక్కువగా నమ్ముదురు. మనము పంపిన మాట ప్రక్కన ఒక గీత పడినచో అది సంస్థవారి కేంద్రమునకు చేరినదని యర్థము. రెండు గీతలు పడినచో అవతలి ఫోనునకు చేరినది. అవి నీలి రంగునకు మారినచో చదివినారు. ఈ నీలి గీతలు 2014లో వచ్చినవి. బ్లాకు చేసినవారికి మనము పంపునది ఎన్ని దినములైనను ఒక్క గీతతోనే నిలిచిపోవును. వారి చిత్రము మారినను మనకు కనబడదు. కడపటిసారి ఎప్పుడు చూచినారను కాలమును కనబడదు. వాట్సప్ ద్వారా పిలిచినను పిలుపు వారికి అందదు.

కాని ఈ గుర్తులలో ఒక్కొక్కటికి వేరొక కారణము కూడ ఉండవచ్చును. కడపటి కాలమును, చిత్రమును ఎవరికిని కనబడకుండ దాచుకొను ఏర్పాటు అందరి ఫోనులలోను ఉన్నది. మన పేరును తమ పట్టికనుండి తీసివేసిన మాత్రమునకే చిత్రము కనబడకపోవచ్చును. ఇంటర్నెట్టు లేనివానికి పంపినను ఒక్క గీతయే పడును. చేరని మాటలను సంస్థవారు 30 దినములవరకు నిలువయుంచి, ఆపైన తీసివేయుదురు. కావున రెండు గీతలు ఒక్కమారైనను పడినచో ఆ సమయమునకు బ్లాకు లేదని నిశ్చయముగా చెప్పవచ్చును. ఒక్క గీత పడినంతమాత్రమున ఏమియు నిశ్చయముగా చెప్పరాదు. చిత్రము, కాలము, గీత, పిలుపు ఈ నాలుగును ఒకేమారు లోపించి, కొన్ని వారములు అట్లే యున్నచో అప్పుడు అనుమానము బలపడును.

వాట్సప్‌లో బ్లాకు వేరు, ఫోనులో బ్లాకు వేరు అనునదియు గుర్తుంచుకొనదగినది. ఒకదానిలో అడ్డగించినవారు రెండవదానిలో అడ్డగింపకపోవచ్చును. ఉమ్మడి గుంపు ఏదైన ఉన్నచో అందులో వ్రాసినది బ్లాకు చేసినవారికి కూడ కనబడును. పెండ్లి గుంపులో మన మాటకు వారు బదులిచ్చినంతమాత్రమున బ్లాకు లేదని సంతోషపడుట తగదు.

"వేరొక నంబరునుండి పిలిచి చూచినచో తెలిసిపోవును గదా" అని కొందరు అందురు. నిజమే. ఇంటిలోని మరియొకరి ఫోను పూర్తిగా మ్రోగి, మనది మాత్రము ప్రతిమారు మొదటి మ్రోతకే తెగినచో ఇంతకంటె స్పష్టమైన గుర్తు లేదు. తప్పిపోయిన బిడ్డ కొరకో, రోగము సంగతి తెలుపుటకో ఒక్కమారు అట్లు చేయవచ్చును. తమ నంబరును దాచి పిలుచుటకు ఏవో గుర్తులు నొక్కుమని విదేశపు పద్ధతులు చెప్పువారున్నారు. అవి అమెరికా ఏర్పాటునకు చెందినవి. మన దేశములో నంబరు దాచుట సామాన్యులకు అనుమతింపబడలేదు. "మిమ్ములను ఎవరు బ్లాకు చేసినారో చూపెదము" అను పేరుతో వచ్చు యాపులను ఫోనులోనికి రానీయకుడు. ఆ రహస్యము వారికిని తెలియదు, మన పట్టికలోని నంబరులన్నియు మాత్రము వారికి చేరును. ఇట్టి మోసములో ధనము పోయినచో వెంటనే 1930 నంబరునకు తెలుపవలెను.

ఉన్నత తరగతుల బాలుర తల్లిదండ్రులకు ఇంకొక మాట. ఒక బాలిక తన నంబరును బ్లాకు చేసినచో, అది ఆమె చెప్పిన బదులు. స్నేహితుల ఫోనులనుండియు, క్రొత్త సిమ్ములనుండియు మరల మరల పిలుచుట మగతనము కాదు, నేరము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షను, అనిష్టమును స్పష్టముగా తెలిపిన స్త్రీని వెంబడించుచు సంబంధమునకై యత్నించువానికి మొదటిసారి మూడేండ్లవరకు, తిరిగి చేసినచో అయిదేండ్లవరకు కారాగారమును విధించుచున్నది. పదునెనిమిదేండ్లు నిండనివారి విచారణ వేరు విధముగా నుండును గాని, వారు చేసినను అది నేరమే. ఈ మాటను బడిలో మేము చెప్పుచున్నాము. ఇంటిలో తండ్రి చెప్పినచో ఇంకను నాటును.

ఇంతవరకు ఇతరులు మనలను బ్లాకు చేయుటను గూర్చి చెప్పితిని. మనమే తెలియక ఇతరులను బ్లాకు చేసియుండుట ఇంకను సామాన్యము. గత సంవత్సరము ఏడవ తరగతి బాలికయొకతెకు మధ్యాహ్నము తీవ్రమైన జ్వరము వచ్చినది. బడి కార్యాలయమునుండి ఆమె తండ్రిగారికి నాలుగుమార్లు ఫోను చేసిరి. నాలుగుమార్లును ఒకే విధముగా తెగినది. తుదకు ఆ వీధిలోనే యున్న మరియొక బాలిక తల్లిగారి ద్వారా కబురు పంపితిమి. తరువాత ఆయన ఫోనును తెరచి చూడగా, పిలుచువారి పేరు చూపు యాపు ఒకటి బడి నంబరును వర్తక ప్రకటనల నంబరుగా నెంచి తనంత తానే అడ్డగించుచుండెను. ఆయనకు ఆ సంగతి ఎంతమాత్రము తెలియదు. మన బడి ల్యాండ్‌లైను 0451 తో మొదలగును గనుక, పేరు వ్రాసికొననివారికి అది ఎవరిదో గుర్తుపట్టుటయు కష్టమే.

కావున ఈ సంచిక చేతికందిన దినముననే ఒక పని చేయుడు. ఫోనులో పిలుపుల పుటను తెరచి, సెట్టింగులలో బ్లాకు చేసిన నంబరుల జాబితాను చూడుడు. పిలుచువారి పేరు చూపు యాపు ఉన్నచో దానికి వేరొక జాబితా ఉండును, దానిని కూడ చూడుడు. వాట్సప్‌లో గోప్యత అను భాగమున మూడవ జాబితా కలదు. పట్టికలో పేరు లేనివారి పిలుపులను మౌనముగా పంపివేయు ఏర్పాటు కొన్ని ఫోనులలో నుండును. అది తెరచియున్నచో బడి నంబరును పేరుతో వ్రాసికొన్న తరువాతనే దానిని ఉంచుడు. పిల్లలు ఆటలో ఎవరి పేరునో నొక్కి బ్లాకు చేయుట మనము ఎరుగని సంగతి కాదు. చిన్నమ్మయో, మేనమామయో ఆ జాబితాలో కనబడినను ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ పనిలో తోడు కావలసినవారు వచ్చు తల్లిదండ్రుల సమావేశమునకు ఫోనును వెంట తెచ్చుకొనవచ్చును. పదవ తరగతి విద్యార్థులు కొందరు కార్యాలయపు వరండాలో కూర్చుండి జాబితాలను చూపించెదరు. ఫోనులోని మాటలు తమిళములోనో ఇంగ్లీషులోనో యుండుటచేత చదువలేనివారికి వారు తెలుగులో వివరించెదరు. అత్యవసరములో పిలుచుటకు రెండవ నంబరు నొకటి, వీలైనచో అదే వీధిలోని వారిది, ఆనాడే తరగతి ఉపాధ్యాయునివద్ద వ్రాయించి పోగలరు.